మామయ్య తిట్టని కల

ఫ్యాక్టరీ క్వార్టర్లు, పై వరస మూడో గది
వేసవి చివర

ఒరేయ్ రంపం,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీల్లో మూడు నన్ను తిట్టడానికే సరిపోయాయి. మామయ్య నీకా పేరు ఊరికే పెట్టలేదు. ఆయన పోయి రెండేళ్ళు దాటినా నీ కోత ఆగలేదు.

ఇక్కడ అంతా మామూలే. పొద్దున హూటరు, సాయంత్రం హూటరు, మధ్యలో తలుపులు. మా ప్రెస్సు మీద రోజుకి ఎనభై దిగుతాయి. లోపల పొట్టు, జిగురు, పైనా కిందా పల్చటి పలకలు, ఒక్క నొక్కు. తలుపైపోయింది. అది ఏ ఇంటికి పోతుందో, ఎటు తెరుచుకుంటుందో అడిగేవాడు లేడు. అంచు తడిమి చూసేవాడు అంతకన్నా లేడు. నేను తడిమితే పక్క మెషీను వాడు నవ్వుతాడు. "జోల కూడా పాడతావా అన్నా?" అంటాడు.

మొన్న మళ్ళీ మనం కట్టాలనుకున్న వడ్రంగి షెడ్డు కలలోకి వచ్చింది. మామయ్య చనిపోయిన నెలలోనే మీ పెరట్లో ఇద్దరం సున్నంతో గీశామే, ముప్పై అడుగులు పొడవు, పద్దెనిమిది వెడల్పు, అదే. కాకపోతే కలలో గోడలు లేచి ఉన్నాయి. మామయ్య పని బల్ల మీద కూర్చున్నాడు. ఆయన పక్కన ఒక మేక కూడా కూర్చుంది. ఎవరి మేకో తెలీదు. నేను తలుపు తోసుకుని లోపలికి వస్తే రెక్క పోయి బల్లకి ధన్‌మని తగిలింది. ఆయన చేతిలో ఉన్న, ఉలి మీద కొట్టే కొడతి నా మీదకి విసిరాడు. "తలుపెటు తెరుచుకుంటుందో చూసుకోకుండా బల్ల ఎక్కడ పెట్టావురా వెధవా?" అన్నాడు. మేక కూడా నావైపు అలాగే చూసింది.

లేచాక లెక్క వేశాను. ఆయన చెప్పింది నిజమే. తలుపు రెండడుగులు తూర్పుకి జరుపు. గీతలు ఇంకా ఉన్నాయి కదా?

మూడేళ్ళు చేసి, కప్పుకీ కలపకీ సరిపడా వెనకేసుకుని వచ్చేస్తానన్నాను. రెండు అయ్యాయి. వచ్చే వేసవికి నేనూ మీ అక్కా పెట్టె సర్దుకుంటాం. ఈ కాగితం కింద మీ అక్కకి రాయడానికి చోటు వదిలాను.

నీ బావ

తమ్ముడూ, కల ఈయనకి వస్తుంది, నిద్ర నాకు పోతుంది. తెల్లారకుండానే లేపి మేక కథ చెప్పారు. నువ్వు ఆ తలుపు తొందరగా జరుపు. — అక్క


పెరటి గుమ్మం దగ్గర
తొలి వాన పడిన మర్నాడు

బావా,

కలలో అయినా నాన్న చేతి దెబ్బ తిన్నందుకు సంతోషం. మెలకువలో నువ్వు తప్పించుకున్నవి చాలా ఉన్నాయి. అవన్నీ నాకు పడ్డాయి.

తలుపు జరిపాను. ముందు నమ్మలేదు. కలలోకి టేపు పట్టుకెళ్ళావా ఏమిటి, రెండడుగులని అంత గట్టిగా చెబుతున్నావు అనుకున్నాను. తర్వాత గీత దగ్గర నిలబడి, గాల్లోనే అనుకో, రెక్క తీసి చూశాను. నిజంగానే బల్లకి తగులుతుంది. రెండేళ్ళుగా మనకి తట్టలేదు చూడు.

మా ఆవిడతోనే చిక్కు. తడి బట్టల తొట్టె పట్టుకుని సరాసరి పడమటి గోడలోంచి నడిచి వెళ్ళింది. "తలుపు అటుంది కదా, అందులోంచి రా" అన్నాను. "నీ షెడ్డులో నా బట్టలు తడవకుండా ఉన్న రోజున తలుపులోంచే వస్తాను, గొళ్ళెం కూడా పెడతాను" అంది. ఈ మధ్య ఆవిడ మాటే నా మీద చిత్రిక పడుతోంది.

పోస్టుమాస్టరు గారి భార్య బీరువా నీకు గుర్తుందా? నాన్న ఎప్పట్లాగే ముందు నేల మీద అసలు కొలతలతో గీసి, ఆవిణ్ణి ఆ గీతల ముందు నిలబెట్టాడు. "తలుపు తీయండమ్మా" అన్నాడు. ఆవిడ సిగ్గుపడుతూ లేని తలుపు తీసింది. "కింది అరలోంచి ఏదైనా తీయండి" అన్నాడు. వంగింది. "మోకాలికి తగులుతోందండీ" అంది. నువ్వు నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వావు. నాన్న మాత్రం నవ్వలేదు. కాలితో గీత చెరిపి మళ్ళీ గీశాడు. మూడుసార్లు. బీరువా చెయ్యడానికి పది రోజులైతే, గీయడానికి నాలుగు రోజులు పట్టింది. అందులో మసలి చూడకుండా రంపం ముట్టనిచ్చేవాడు కాదు. ఆవిడ ఇప్పుడు ముసలిదైపోయింది. మొన్న కనిపించి, ఆ బీరువా తలుపు ఈనాటికీ ఒక్క వేలితో తీస్తానని చెప్పింది.

నా పని బాగానే ఉంది. చేతినిండా ఉంది. అక్కని అడిగానని చెప్పు.

రంపం


ఫ్యాక్టరీ క్వార్టర్లు
వానలు ముదిరాక

ఒరేయ్,

ఈసారి కలలో షెడ్డు నిండా మోకాటి లోతు నీళ్ళు. మామయ్య బట్టలు పైకి ఎగ్గట్టుకుని బల్ల దగ్గర నిలబడి చిత్రిక పడుతున్నాడు. పొట్టు నీళ్ళ మీద పడవల్లా తేలిపోతోంది. నువ్వేమో ఓ మూల కూర్చుని గుమ్మడికాయకి చిత్రిక పడుతున్నావు. ఎందుకని నేను అడగలేదు. అడిగితే మూడు పేజీలు చెబుతావని కలలో కూడా భయం.

"చేతి మీద నీడ పడుతోందిరా! కిటికీ కుడివైపు పెట్టిన మహానుభావుడెవడు?" అని మామయ్య అరిచాడు. నువ్వు నోరు తెరిచేలోగా నిన్ను చూపించేశాను. ఆయన నీ గుమ్మడికాయ లాక్కుని నీళ్ళలో పడేశాడు.

కాబట్టి కిటికీ ఎడమవైపుకి మార్చు.

ఇవాళ మధ్యాహ్నం జిగురు ఆరేదాకా ఖాళీ దొరికితే మనం చిన్నప్పుడు పడుకున్న మంచం గుర్తొచ్చింది. మంచమంటే మంచం కాదు, మంచం గీత. "ఇద్దరూ ఇందులో పడుకోండి, కదిలితే చెప్తా" అని మామయ్య బజారుకి వెళ్ళిపోయాడు. మనం మట్టి నేల మీద ఆ గీతల మధ్య నిజంగానే నిద్రపోయాం. ఎండ మొహం మీదికి వచ్చాక లేచి చూస్తే ఆయన మన కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చుని ఉన్నాడు. నీ పాదాలు గీత దాటాయి. అందుకే ఆ మంచం అర అడుగు పెంచాడు. అంత హాయిగా మళ్ళీ ఏ మంచం మీదా నిద్రపోలేదురా నేను.

నీ బావ

తమ్ముడూ, గుమ్మడికాయ నిజంగానే నీ పోలికగా ఉందట. — అక్క


పెరటి గుమ్మం దగ్గర
వాన రోజు

బావా,

కిటికీ కుడివైపు పెట్టింది నువ్వు. నాన్న చచ్చిపోయాక కూడా ఆయన దగ్గర నా మీద చాడీలు చెప్పావన్నమాట. సరే, ఎడమకి మార్చాను.

ఇక్కడ ఎడతెరిపి లేకుండా కురుస్తోంది. కొత్తగా చెప్పడానికేమీ లేదు. పని ఉంది. నువ్వు ఒంట్లో జాగ్రత్త.

రంపం


ఫ్యాక్టరీ క్వార్టర్లు
వానలు వెలిశాక

ఒరేయ్ రంపం,

జవాబు రాయడం ఆలస్యమైంది. షిఫ్టులు మారాయి, తీరిక దొరకలేదు. ఏమీ అనుకోకు.

షెడ్డు మళ్ళీ కలలోకి వచ్చింది. చాలా బాగుంది. గోడలు తిన్నగా ఉన్నాయి, కిటికీలోంచి వెలుతురు చక్కగా పడుతోంది. మామయ్య అన్ని మూలలా తిరిగి చూసి, "భేష్‌రా, కలకాలం నిలుస్తుంది" అన్నాడు. కలప పేర్చుకునే అర మాత్రం నేలకి మూడడుగుల ఎత్తున పెట్టండి అన్నాడు. అలాగే గీయి.

మీ అక్కకి పని ఉండి ఈసారి రాయలేదు. బాగానే ఉంది.

నీ బావ


పెరటి గుమ్మం దగ్గర
చలి మొదలు

బావా,

అర గీశాను.

నాన్న భేష్ అన్నాడా? ఎవర్ని?

అక్క ఎలా ఉంది? ఈసారి రెండు ముక్కలైనా రాయమను.

రంపం


ఫ్యాక్టరీ క్వార్టర్లు
చలికాలం

ఒరేయ్,

నిన్ననే మళ్ళీ కల. మామయ్య మనిద్దరి భుజాల మీదా చేతులేసి, "నా పేరు నిలబెట్టార్రా" అన్నాడు. షెడ్డులో అంతా శుభ్రంగా సర్ది ఉంది. పనిముట్లు వరసగా ఉన్నాయి. నువ్వు బల్ల దగ్గర పని చేసుకుంటున్నావు.

ఇంకో మాట. నన్ను ప్రెస్సు మీంచి మార్చారు. గేటు దగ్గర కుర్చీ వేశారు. వచ్చే పోయే లారీల నంబర్లు రాసుకుంటే చాలు. నీడపట్టున పని. ఇది వదులుకుని రావడం తెలివైన పని కాదని ఇక్కడ అందరూ అంటున్నారు. వచ్చే వేసవికి కుదరదేమో. పై ఏడు చూద్దాం. నువ్వు మాత్రం షెడ్డు సంగతి వదలకు. నేను కాస్త ఆలస్యమైనా అక్కడ పని మొదలుపెట్టు.

మీ అక్క నిద్రపోతోంది, లేపలేదు.

నీ బావ


పెరటి గుమ్మం దగ్గర
చలికాలం

బావా,

నువ్వు ఈమధ్య రాసిన రెండు ఉత్తరాలూ, పాతవీ అన్నీ మంచం మీద పరుచుకుని చదివాను.

నాన్న ఎవర్నీ భేష్ అనేవాడు కాదు. ఆయన మెచ్చుకుంటే "ఊఁ" అనేవాడు. ఆ ఊఁ కోసమే నువ్వు పద్నాలుగేళ్ళు ఆయన దగ్గర పని చేశావు, నేను పుట్టినప్పటి నుంచీ చేశాను. చచ్చినవాడు ఎంత మారినా భుజాల మీద చేతులెయ్యడు.

మేక ఏమైంది? నీళ్ళేమయ్యాయి? నీ కలల్లో ఎప్పుడూ ఏదో ఒకటి వంకరగా ఉండేది. అందుకే నమ్మేవాణ్ణి. ఈ రెండూ కలలు కావు. సినిమా పోస్టర్లు. బల్ల దగ్గర నేనొక్కణ్ణే ఉన్నానట. నువ్వెక్కడున్నావు ఆ కలలో?

అక్క రెండుసార్లుగా రాయడం లేదు. దానికి అబద్ధం రాయడం చేతకాదు. రాస్తే అబద్ధం రాయాల్సి వస్తుందని మానేసింది.

లారీల నంబర్లు రాయడానికి నిన్నెందుకు కూర్చోబెట్టారు? పద్నాలుగేళ్ళు పని నేర్చినవాణ్ణి తెలివిగల ఏ మేనేజరూ గేటు దగ్గర కూర్చోబెట్టడు.

ఆఫీసు ఫోనుకి చేద్దామనుకున్నాను. పక్కన సూపర్‌వైజరు వింటూ ఉంటాడు, నువ్వు "బాగానే ఉన్నాను" అంటావు. అందుకని రాస్తున్నాను. ఏం జరిగిందో రాయి. కల రాయకు.

రంపం


ఫ్యాక్టరీ క్వార్టర్లు
చలికాలం

ఒరేయ్,

ఎడమ చెయ్యి. బొటనవేలు, చూపుడువేలు పోయాయి. వానలు వెలిసే ముందు.

తప్పు మెషీనుదీ కాదు, ఫ్యాక్టరీదీ కాదు. పలక వదిలేముందు అంచు మీద బొటనవేలు పోనిచ్చి చూడాలని మామయ్య నేర్పాడు కదా. ప్రెస్సు కింద పలక పెట్టాను. మీట నొక్కాను. దిగుతోంది. అంచు మీద ఒక చోట గరుకు కనిపించినట్టయింది. చెయ్యి దానంతటదే వెళ్ళింది. అక్కడ నాలుగు వందల మంది పని చేస్తారు. ఆ పలకని తడిమేవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే నాకే తగిలింది.

ఆసుపత్రిలో పన్నెండు రోజులు ఉన్నాను. నీకు రాయొద్దని మీ అక్క చేత ఒట్టు వేయించుకున్నాను. దాన్నేమీ అనకు.

రాసేది కుడిచెయ్యి కదా, అక్షరంలో తేడా రాదు, నీకు తెలియదులే అనుకున్నాను. కలల్లో దొరికిపోతానని అనుకోలేదు.

నిజం చెప్పనా? ఆ రోజు తర్వాత షెడ్డు కలలోకి రాలేదు. వస్తుందేమోనని పగలు కూడా పడుకుని చూశాను. రాలేదు. ఇక్కడ రెండేళ్ళు నేను బతికింది దాని మీదే. పొద్దున్నే లేచి తలుపు ఎటు, కిటికీ ఎటు అని ఆలోచించుకుంటూ ఎనభై తలుపులు దింపేసేవాణ్ణి. అది నాకు పోయినా నీకుండాలని కల్పించి రాశాను. నువ్వు ఆ గీతలు మళ్ళీ మళ్ళీ గీస్తుంటే నేనూ అక్కడే ఎక్కడో ఉన్నట్టుండేది.

ఇక చాలు. ఉలి పట్టుకునే చెయ్యి లేనివాడికి షెడ్డెందుకు? నువ్వు ఇంకెవరినైనా చేర్చుకో. ఎవరూ దొరక్కపోతే మీ ఆవిడకి ఆ పెరట్లో మంచి దండెం కట్టిపెట్టు.

నీ బావ


పెరటి గుమ్మం దగ్గర
చలి తగ్గుతున్నప్పుడు

బావా,

జవాబుకి ఇన్ని రోజులు ఎందుకు పట్టిందో కింద రాస్తాను. ముందు నేను చెప్పాల్సింది ఒకటుంది.

పెరట్లో గీతలు లేవు. నువ్వు గుమ్మడికాయ కల రాయకముందే వానకి కొట్టుకుపోయాయి. ఏటా వానలు వెలిశాక మళ్ళీ గీసేవాణ్ణి, ఈసారి గీయలేదు. కిటికీ మార్చానన్నది అబద్ధం, అర గీశానన్నదీ అబద్ధం. చేతినిండా పని ఉందన్నది నిజమేగాని ఏం పనో రాయలేదు. తలుపులు బిగిస్తున్నాను. మీ ఫ్యాక్టరీ తలుపులే, బావా. పెట్టెల్లో వస్తాయి. మడతబందులు పెట్టి, స్క్రూలు తిప్పి వచ్చేస్తాను. ఏడాదిన్నరగా ఇదే. మన ఇంటి వడ్రంగి ఇంకొకడు చేసిన తలుపుకి స్క్రూలు తిప్పుతున్నాడని నీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. నువ్వు అక్కడ షెడ్డు కలలు కంటుంటే, ఆ షెడ్డులో చేయించుకునేవాళ్ళు ఎవరూ మిగల్లేదని ఎలా రాయను?

కాబట్టి నువ్వొక్కడివే కల్పించావనుకుని కుమిలిపోకు.

ఇక ఆలస్యం సంగతి. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు పొద్దున ఎడమ బొటనవేలు, చూపుడువేలు అరచేతిలోకి మడిచి, గుడ్డతో గట్టిగా కట్టుకున్నాను. తొమ్మిది రోజులు అలాగే పని చేశాను. నోటితో అయ్యేది కాదు, చేసి చూడాలనిపించింది. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

కోత అవుతుంది. చెక్కని మోకాలితో తొక్కిపెడితే చాలు. చిత్రిక అవుతుంది. ఎడమ అరచెయ్యి ఆనిస్తే సరిపోతుంది, మొదటి రెండు రోజులు పొట్టు దళసరిగా వచ్చింది, తర్వాత సర్దుకుంది. గీత గీయడానికి స్కేలు జారుతుంది. దాని మీద ఇనప ముక్క బరువు పెట్టాను, ఆగింది. మేకు నడిమివేలికీ ఉంగరం వేలికీ మధ్య నిలుస్తుంది. ఒకసారి వేలి మీద కొట్టుకున్నాను. నిన్ను తిట్టుకున్నాను.

ఉలి కాలేదు. తొమ్మిది రోజులూ చూశాను. దెబ్బ పడగానే తిరిగిపోతుంది. తీపి కబురు చెప్పడానికి కూర్చోలేదు, అందుకే ఉన్నమాట రాశాను. ఉలి నేను పట్టుకుంటాను, కొడతి నువ్వు వెయ్యి. నీ దెబ్బ పక్కకి పోదని నాకు తెలుసు.

అన్నిటికన్నా కష్టం చొక్కా బొత్తాలు. అది నువ్వు రాయలేదు.

నాలుగోరోజు ఒక ఇంట్లో తలుపు బిగించడానికి వెళ్తే ఆ ఇంటాయన నా చేతి వైపు చూసి, "ఏమైందయ్యా చేతికి?" అన్నాడు. "మా బావకి దెబ్బ తగిలింది" అన్నాను. ఆయన భార్యని పిలిచి, "ఇతన్ని కాస్త చూస్తూ ఉండు" అని చెప్పి లోపలికి పోయాడు.

మనం అనుకున్న షెడ్డు రాదు. అది నాకూ తెలుసు. కానీ మీ ఫ్యాక్టరీ తలుపు ఇక్కడి పాత గుమ్మాల్లో ఒక్కదాంట్లోనూ తిన్నగా కూర్చోదు. గుమ్మాలు వంకర, తలుపులు తిన్నన. నేను పోయి చెక్కి, అతికి, బెజ్జాలు పూడ్చి వస్తున్నాను. ఒక్కణ్ణి సరిపోవడం లేదు. పాత కుర్చీలు, మంచం కోళ్ళు పట్టుకుని జనం గుమ్మం దాకా వచ్చి, నేను లేనని వెనక్కి పోతున్నారు. దీనికి ముప్పై అడుగులు అక్కర్లేదు, ఇంటి పంచ చాలు. చిన్న పని. నాన్న చూస్తే నవ్వడు గాని, ఊఁ కూడా అనడు.

అయినా నువ్వు రావాలి. గేటు దగ్గర కూర్చుని ఎవరో చేసిన తలుపులు లారీ ఎక్కడం చూస్తూ ఉంటావనుకుంటే నాకు అన్నం సహించడం లేదు. వస్తావో రావో ఒక్క ముక్క రాయి.

రంపం


ఫ్యాక్టరీ క్వార్టర్లు
ఎండలు ముదరకముందు

ఒరేయ్ రంపం,

నీ ఉత్తరం ముందు మీ అక్క చదివింది. చదివి, వచ్చి నా చొక్కా బొత్తాలు పెట్టింది. అప్పుడే అర్థమైంది నాకు, అందులో నువ్వేదో రాశావని.

నీ కట్టు తప్పు. బొటనవేలు మొత్తం పోయింది, నిజమే. చూపుడువేలు రెండో కణుపు దాకా ఉంది. పోయిందని రాశాను గాని, కొలత రాయలేదు. నువ్వు వేలు మొత్తం మడిచి కట్టేశావు. ఆ మిగిలిన ముక్కని నడిమివేలికి ఆనిస్తే ఉలి తిరక్కుండా ఉంటుందేమోనని నిన్న సాయంత్రం చెంచా కాడ పట్టుకుని చూశాను. చెంచా నిలిచింది. ఉలి నిలుస్తుందో లేదో నీ చేతి మీద తేలేది కాదు, ఈ గదిలోనూ తేలదు. నిలవకపోతే నువ్వు పట్టుకుందువుగాని. ముందు నేను చూడాలి.

గేటు కుర్చీ వద్దని పొద్దున్నే చెప్పేశాను. మేనేజరు "ఆలోచించుకో" అన్నాడు. ఆలోచించుకోవడానికే ఇన్ని నెలలు ఇందులో కూర్చున్నానని చెప్పాను.

శుక్రవారం మధ్యాహ్నం బస్సుకి దిగుతాం. మీ అక్క పెట్టె కడుతోంది.

ఈ ఉత్తరం చేరేసరికి ఇంకా కట్టుకుని తిరుగుతుంటే, ముందు ఆ గుడ్డ విప్పెయ్. ఇద్దరిలో ఒకడికైనా పది వేళ్ళూ పనిచెయ్యాలి.

నీ బావ